బాకీ ఏది, సాయం ఏది: ఉత్తర తెలంగాణలో సీఎస్ఆర్ పరిశోధన ఎట్లా చేయాలి

పీహెచ్‌డీలో చేరిన పిల్లలు సినాప్సిస్ పట్టుకుని వస్తే నేను మొదట శీర్షిక చూస్తాను. ఎక్కువసార్లు కనిపించేది ఇది: ‘ఫలానా కంపెనీ సీఎస్ఆర్ కార్యక్రమాలపై ప్రజల అవగాహన, ఒక అధ్యయనం’. సీఎస్ఆర్ అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత, కంపెనీ తన లాభంలోంచి సమాజం కోసం చేసే పనులు. 384 మందికి ప్రశ్నావళి, ఒక్కో ప్రశ్నకు ‘అస్సలు ఒప్పుకోను’ నుంచి ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ దాకా ఐదు గళ్లు, చివర ‘ప్రజల్లో అవగాహన పెంచాలి’ అని ఒక సూచన. నాలుగేళ్ల కష్టం అందులో పోతుంది. అది చదివినవాళ్లకు ఆ ఊరికి ఏం వచ్చిందో, ఎవరు అడిగితే వచ్చిందో, ఇప్పుడు అది పనిచేస్తోందో లేదో మాత్రం తెలియదు.

మన ప్రాంతంలో ఈ విషయం మీద పరిశోధన చేసేవాళ్లు దూరం పోనక్కర్లేదు. కాజీపేటలో రైలెక్కితే రామగుండం దాకా, మంచిర్యాల దాటి కాగజ్‌నగర్ దాకా దారి పొడుగునా పరిశ్రమలే. సింగరేణి గనులు, ఎన్టీపీసీ, ఎరువుల కర్మాగారం, పేపర్ మిల్లు కనిపిస్తాయి. ఇటు వైపు చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం, గీసుగొండ, సంగెం మండలాల్లో మెగా టెక్స్‌టైల్ పార్కు ఉన్నాయి. ఇన్ని ఉన్నచోట వ్యాపారానికీ సమాజానికీ ఉన్న సంబంధం పుస్తకంలో వెతుక్కోవాల్సిన పని లేదు.

ఇన్నేళ్లుగా విద్యార్థులతో ఊళ్లు తిరిగాక నాకు గట్టిగా అనిపించేది ఒకటే. కంపెనీ ఊరికి చేసిన పనుల్లో బాకీ తీర్చింది ఏది, సాయంగా చేసింది ఏది అని ముందు విడదీయాలి. అది తేల్చకుండా రాసిన సీఎస్ఆర్ థీసిస్ ఎంత లావుగా ఉన్నా కంపెనీ బ్రోచర్‌కు అనుబంధంగానే మిగులుతుంది. కింద చెప్పే అడుగులన్నీ ఈ ఒక్క లెక్క చుట్టూ తిరుగుతాయి.

మొదటి అడుగు: ప్రశ్నను కుదించుకోండి

‘తెలంగాణలో సీఎస్ఆర్ పాత్ర’ పరిశోధన ప్రశ్న కాదు, ఉపన్యాసం పేరు. ప్రశ్న అంటే జవాబు ‘కాదు’ అని కూడా రావడానికి వీలున్నది. ఉదాహరణకు: ‘ఓపెన్‌కాస్ట్ గనికి ఐదు కిలోమీటర్ల లోపు ఉన్న ఊళ్లకు, ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న ఊళ్లకు సీఎస్ఆర్ పనులు ఏ లెక్కన పంచారు?’ ‘కంపెనీ కట్టించిన ఆస్తుల్లో ఐదేళ్ల తర్వాత ఎన్ని వాడుకలో ఉన్నాయి, లేనివి ఎందుకు ఆగిపోయాయి?’ ‘ఏ ఊరికి ఏ పని అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు?’ ఇట్లాంటివి తీసుకుంటే ఇద్దరు మనుషులు, ఒక బండి, రెండేళ్ల సమయంతో పూర్తి చేయగలరు.

సీఎస్ఆర్ అనే మాట దగ్గరే ఆగిపోవాలని కూడా ఏమీ లేదు. వ్యాపారం సమాజానికి ఏమిటో ఒక్కోసారి అది పోయినప్పుడే తెలుస్తుంది. వరంగల్ అజంజాహి మిల్లు 1934లో మొదలై 2002లో మూతపడింది. మంగపేట మండలం కమలాపురంలో రేయాన్స్ ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది. సిర్పూర్ పేపర్ మిల్లు అదే ఏడాది మూతపడి 2018లో కొత్త యాజమాన్యం చేతిలో తెరుచుకుంది. రామగుండంలో పాత ఎరువుల ఫ్యాక్టరీని 1999లో మూసేస్తే, అదే స్థలంలో 2021 నుంచి ఆర్ఎఫ్‌సీఎల్ అనే కొత్త సంస్థ యూరియా తీస్తోంది. ఒక మిల్లు మూతపడితే బడి, ఆసుపత్రి, కిరాణా కొట్టు, అద్దె ఇల్లు, పిల్లల చదువు అన్నీ కదిలిపోతాయి. ఏ కంపెనీ వార్షిక నివేదికలోనూ దీనికి ఒక గడి ఉండదు. మూతపడి తిరిగి తెరిచిన ఊరినీ, మూతపడి అట్లాగే ఉన్న ఊరినీ పక్కపక్కన పెట్టి చూసే విద్యార్థి నా దగ్గరకు ఎప్పుడొస్తారా అని ఎదురుచూస్తున్నాను.

ఇంకో మంచి దారి ముల్కనూర్. భీమదేవరపల్లి మండలంలోని ఆ సహకార సంఘాన్ని 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి మొదలుపెట్టారు. పక్కనే మహిళల సహకార డెయిరీ ఉంది. సహకార సంఘాలు కంపెనీల చట్టం కింద నమోదు కావు, కాబట్టి సీఎస్ఆర్ నిబంధన వాటికి వర్తించదు. రైతు దగ్గర ధాన్యం కొని, అప్పిచ్చి, లాభంలో వాటా పంచే వ్యాపారాన్ని ‘సామాజిక బాధ్యత’ లెక్కలో ఎక్కడ పెట్టాలి? చట్టం కట్టిన గడుల బయట ఉన్నదాన్ని చూస్తే, గడుల లోపల ఉన్నది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

రెండో అడుగు: సిద్ధాంతాన్ని మన ఊరితో మాట్లాడించండి

రెండో అధ్యాయంలో అందరి పేర్లూ వరుసగా పేర్చి వదిలేస్తారు. ఆ పేర్లను మళ్లీ ఏడో అధ్యాయం దాకా ఎవరూ ముట్టుకోరు. దానికంటే ఇద్దరు ముగ్గుర్ని తీసుకుని వాళ్లతో గట్టిగా వాదించడం మేలు.

1953లో హోవర్డ్ బోవెన్ వ్యాపారుల నిర్ణయాలు సమాజం మొత్తాన్ని తాకుతాయి కాబట్టి సమాజం విలువలను పట్టించుకోవాలన్నాడు. 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ దానికి ఎదురు నిలబడి, నియమాలకు లోబడి లాభం పెంచడమే వ్యాపారం బాధ్యత అని వాదించాడు. 1979లో ఆర్చీ కారోల్ బాధ్యతను ఆర్థికం, చట్టం, నైతికత, స్వచ్ఛంద దానం అని నాలుగుగా విడగొట్టి, 1991లో దాన్నే పిరమిడ్‌గా గీశాడు. 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ సంస్థ వల్ల ప్రభావితమయ్యేవాళ్లు, సంస్థను ప్రభావితం చేయగలవాళ్లు అందరూ స్టేక్‌హోల్డర్లే అన్నాడు. 2011లో పోర్టర్, క్రేమర్ కంపెనీకీ సమాజానికీ కలిపి విలువ సృష్టించే ఆలోచన తెచ్చారు. మన దేశంలో గాంధీ ధర్మకర్తృత్వ భావన, అంటే సంపద ఉన్నవాడు సమాజం తరఫున దానికి కాపలాదారు మాత్రమే అన్నది, వీళ్లందరికంటే ముందుది.

తెలుగులో రాసేవాళ్లకు ఒక హెచ్చరిక. స్టేక్‌హోల్డర్‌ను ‘వాటాదారు’ అని రాయకండి. వాటాదారు అంటే షేర్ ఉన్నవాడు. ఓబీ డంపు (గని తవ్వేటప్పుడు తీసి పోసిన మట్టి గుట్ట) పక్కన పత్తి వేసుకునే రైతుకు కంపెనీలో ఒక్క షేర్ లేదు, దుమ్ము మాత్రం మొత్తం అతని చేను మీదే పడుతుంది. ‘సంబంధీకులు’ అనండి, లేదా స్టేక్‌హోల్డర్ అనే ఉంచేయండి. ఒక్క మాట తప్పుగా పడితే మొత్తం వాదం తలకిందులవుతుంది.

నన్నడిగితే కారోల్ పిరమిడ్ మన పనికి బాగా ఉపయోగపడుతుంది. ఎందుకంటే అందులో ఆర్థికం అడుగున, చట్టం దాని మీది మెట్టులో ఉంది, దానం పైకొసన ఉంది. అంటే బాకీ ముందు, సాయం తర్వాత. ఈ వరుస పేద దేశాల్లో వేరుగా ఉంటుందని, ఆఫ్రికాలో ఆర్థికం తర్వాత దానమే రెండో స్థానంలో ఉందని వేన్ విస్సర్ రాశాడు. మందమర్రిలోనో భూపాలపల్లిలోనో జనం ఏ వరుస చెప్తారు? ఆ ఒక్కటి పద్ధతిగా కనుక్కున్నా మంచి అధ్యాయం అవుతుంది.

మూడో అడుగు: చట్టాన్ని మీ కళ్లతో చదవండి

గైడ్ పుస్తకాల్లో పాత నిబంధనలే తిరుగుతున్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్, 2014 నాటి సీఎస్ఆర్ నిబంధనలు, వాటికి 2021 జనవరిలో వచ్చిన సవరణ, ఈ మూడూ అసలు రూపంలో చదవాలి. సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఏ ఏడాదికైనా దాని ముందటి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింట్లో ఏ ఒక్కదానికి చేరినా కంపెనీ ఆ సెక్షన్ కిందికి వస్తుంది. గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఖర్చు పెట్టాలి. లాభాలు 400, 500, 600 కోట్లు అనుకోండి. సగటు 500 కోట్లు, పెట్టాల్సింది 10 కోట్లు. లెక్క లాభం మీద తప్ప, కలిగించిన నష్టం మీద కాదు. అంటే రెండు గనులు ఒకే స్థాయిలో ఊళ్లను కదిలించినా, లాభం తగ్గిన ఏడాది ఊరికి పెట్టాల్సింది కూడా తగ్గుతుంది.

స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉంది. ‘స్థానికం’ అంటే ఎన్ని కిలోమీటర్లు అన్నది మాత్రం చెప్పలేదు. ఒక కంపెనీకి అది గని చుట్టూ ఉన్న ఊళ్లు, ఇంకో కంపెనీకి జిల్లా మొత్తం. మీరు అధ్యయనం చేసే కంపెనీ తన సీఎస్ఆర్ విధానంలో ఆ మాటకు ఏ అర్థం రాసుకుందో వెతకండి.

మన లెక్కకు అసలు తాళంచెవి 2021 నిబంధనల్లోని నిర్వచనంలో ఉంది. ఏవి సీఎస్ఆర్ కావో అక్కడ రాశారు. కంపెనీ మామూలు వ్యాపారంలో భాగంగా చేసేవి, ఉద్యోగులకు మాత్రమే మేలు చేసేవి, రాజకీయ పార్టీలకు ఇచ్చే విరాళాలు, తన సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌లు కావు. అన్నింటికంటే ముఖ్యంగా, వేరే ఏ చట్టం కిందనైనా తప్పనిసరిగా చేయాల్సినవి కావు. చట్టమే గీత గీసి పెట్టింది. ఆ గీత నేల మీద ఉందో లేదో చూడటమే మన పని.

ఇంకో నిబంధనను ఎవరూ పట్టించుకోరు. సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. సీఎస్ఆర్ రిజిస్ట్రేషన్ ఉన్న సేవా సంస్థ పేరు మీదో, లబ్ధిదారుల సంఘం పేరు మీదో, ప్రభుత్వ సంస్థ పేరు మీదో ఉండాలి. ఇది ఊళ్లో ఎట్లా బయటపడుతుందో ముందు ముందు చెప్తాను.

ప్రభావ అంచనా అందరికీ తప్పనిసరి కాదు. గత మూడేళ్లలో సగటున 10 కోట్లు, అంతకు మించి సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు, కోటి రూపాయలు, అంతకు మించిన ప్రాజెక్టులకు, అవి పూర్తయి కనీసం ఏడాది గడిచాక, బయటి సంస్థతో చేయించాలి. ఆ నివేదికలు కంపెనీ వెబ్‌సైట్లలో దొరుకుతాయి. కంపెనీ డబ్బిచ్చి చేయించుకున్నవని గుర్తుంచుకుని చదవండి. అవే ఊళ్లకు మీరు మళ్లీ వెళ్లి చూడటం కూడా ఒక పరిశోధనే.

నాలుగో అడుగు: బాకీల చిట్టా

ఫీల్డుకు వెళ్లకముందే ఒక పెద్ద కాగితం మీద నాలుగు నిలువు గీతలు గీయండి. ఒక్కో ఊరికి కంపెనీ నుంచి వచ్చినవన్నీ ఏదో ఒక గడిలో పడాలి.

మొదటి గడి, భూమికి సంబంధించినవి. భూనిర్వాసితులకు పరిహారం, పునరావాస కాలనీ, ఆ కాలనీలో రోడ్డు, బడి, నీళ్లు. ఇవి సాయం కాదు, భూమి తీసుకున్నందుకు బాకీ. రెండో గడి, పర్యావరణ అనుమతిలో రాసిన షరతులు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం, చెట్లు నాటడం, చుట్టుపక్కల ఊళ్లలో ఫలానా పనులు చేయడం. మూడో గడి, జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టు నిధులు. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో ఇవి వచ్చాయి. గని నడిపేవాళ్లు ఖనిజానికి ప్రభుత్వానికి చెల్లించే రాయల్టీ మీద అదనంగా కట్టాలి. 2015 జనవరి 12 కంటే ముందు ఇచ్చిన లీజులకు రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినవాటికి 10 శాతం. ఈ డబ్బు ఖర్చు పెట్టేది కంపెనీ కాదు, జిల్లా ట్రస్టు. నాలుగో గడి మాత్రమే సీఎస్ఆర్.

సింగరేణి ఊళ్లలో ఇంకో రెండు కలిసిపోతాయి. దసరాకు ముందు కార్మికులకు ఇచ్చే లాభాల వాటా, కార్మికుల కుటుంబాల కోసం నడిపే ఏరియా ఆసుపత్రులు. ఇవి యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య వ్యవహారం, సీఎస్ఆర్‌లో కలపకూడదు.

ఊళ్లో జనాన్ని అడిగితే ఈ నాలుగూ ఒక్క మాటలో వస్తాయి: ‘కంపెనోళ్లు వేసిన రోడ్డు’. వాళ్ల తప్పేమీ లేదు. బోర్డు మీద కంపెనీ పేరు ఉంటే కంపెనీదే అనుకుంటారు. కానీ మీరు కూడా అట్లాగే రాస్తే, భూమి పోగొట్టుకున్న రైతుకు రావాల్సినదాన్ని అతనికే దానంగా చూపించినట్టవుతుంది. థీసిస్‌లో అంతకంటే పెద్ద తప్పు ఉండదని నేననుకుంటాను.

ఐదో అడుగు: కాగితాలు సేకరించండి

కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌తో మొదలుపెట్టండి. కంపెనీ వారీగా, రాష్ట్రం, జిల్లా, రంగం వారీగా ఖర్చు దొరుకుతుంది. తర్వాత కంపెనీ వార్షిక నివేదికలోని సీఎస్ఆర్ అనుబంధం చదవండి. రెండింటి అంకెలూ కలవకపోతే భయపడకండి, ఎందుకు కలవలేదో రాసిపెట్టుకోండి. ఖర్చు కాని డబ్బును ప్రత్యేకంగా చూడండి. కొనసాగుతున్న ప్రాజెక్టుదైతే ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు పెట్టాలి. కాకపోతే ఆరు నెలల్లో ప్రభుత్వ నిధికి జమ చేయాలి. ప్రాజెక్టును ‘కొనసాగుతున్నది’ అని రాయడానికీ, రాయకపోవడానికీ అందుకే అంత తేడా ఉంటుంది.

స్టాక్ మార్కెట్లో నమోదైనవాటిలో మార్కెట్ విలువ ప్రకారం తొలి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక ఇవ్వాలని సెబీ చెప్పింది. ఎన్టీపీసీకి అది దొరుకుతుంది. సింగరేణి మార్కెట్లో లేదు, రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సంస్థ. కాబట్టి ఈ రెండింటినీ ఒకే కొలతతో పోల్చేటప్పుడు ఏ కాగితం దేనికి ఉందో ముందే చూసుకోండి.

నేను అన్నింటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్‌కు. కొత్త గని కోసమో విస్తరణ కోసమో జరిగిన సభలో ఏ ఊరివాళ్లు ఏం అడిగారో అందులో రాసి ఉంటుంది. అనుమతుల పత్రాలతో పాటు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో వెతకొచ్చు. ఆ రోజు అడిగినవి ఒకవైపు, తర్వాత వచ్చినవి ఒకవైపు పెట్టి చూడండి. అడిగింది ఉద్యోగాలు, వచ్చింది కుట్టు మిషన్లు అయితే ఆ ఖాళీలోనే మీ పరిశోధన ఉంది.

మిగతావాటికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. సాధారణంగా 10 రూపాయల ఫీజు, జవాబుకు 30 రోజుల గడువు. సింగరేణి, ఎన్టీపీసీ లాంటి ప్రభుత్వ సంస్థలకు నేరుగా పెట్టొచ్చు. ప్రైవేటు కంపెనీ అయితే కలెక్టరేట్‌లో, గ్రామ పంచాయతీలో ఆ కంపెనీకి సంబంధించి ఉన్న కాగితాలు అడగండి. ‘సీఎస్ఆర్ వివరాలన్నీ ఇవ్వగలరు’ అని రాస్తే వెబ్‌సైట్ చూసుకోమంటారు. ఏ ఏడాది, ఏ మండలం, ఏ పని, మంజూరు తేదీ, పనిని ప్రతిపాదించిన లేఖ నకలు అని విడివిడిగా రాయండి. ఆ ప్రతిపాదన లేఖ బంగారం లాంటిది. సర్పంచ్ రాశారా, ప్రజాప్రతినిధి రాశారా, కలెక్టర్ రాశారా, కంపెనీయే సర్వే చేసుకుందా అన్నది దాంతోనే తేలుతుంది.

జర్నల్ వ్యాసాల కోసం డబ్బు పెట్టకండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం 2025 జనవరి నుంచి ఉంది. పాత థీసిస్‌ల కోసం శోధ్‌గంగ ఉంది.

ఆరో అడుగు: జిల్లాల చిక్కు విప్పండి

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. సీఎస్ఆర్ లెక్కలు 2014-15 నుంచి మొదలవుతాయి. 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్పై ఒకటయ్యాయి, 2019లో ముప్పై మూడయ్యాయి. ముందు కరీంనగర్ పేరు మీద కనిపించే రామగుండం ఖర్చు తర్వాత పెద్దపల్లికి మారుతుంది. మందమర్రి, శ్రీరాంపూర్ ఆదిలాబాద్ నుంచి మంచిర్యాలకు వచ్చాయి. ములుగు ముందు వరంగల్, తర్వాత భూపాలపల్లి, ఆ తర్వాత సొంత జిల్లా. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఇది చూసుకోకుండా గ్రాఫ్ గీస్తే ‘కరీంనగర్‌కు సీఎస్ఆర్ పడిపోయింది’ అని తేలుతుంది. పడిపోయింది డబ్బు కాదు, సరిహద్దు జరిగింది. పోర్టల్‌లో కొంత ఖర్చు ‘దేశమంతటా’ అనే పద్దు కింద కూడా ఉంటుంది, దాన్ని ఏ జిల్లాకూ పంచకండి. సాధ్యమైనంతవరకు మండలం, ఊరు స్థాయికి దిగి లెక్క వేయండి.

‘ముందు ఎట్లా ఉండె’ అన్నదానికి 2011 జనగణన గ్రామ వసతుల పట్టిక వాడుకోండి. చట్టం రాకముందటిది కాబట్టి పునాదిగా పనికొస్తుంది. బడుల వివరాలకు యూడైస్ ఉంది.

ఇక ఘనత ఎవరిదన్న చిక్కు. కంపెనీ వాటర్ ప్లాంటు పెట్టిన ఊరికే మిషన్ భగీరథ నల్లా కూడా వచ్చింది. కంపెనీ రంగులు వేయించిన బడికే 2022లో ‘మన ఊరు, మన బడి’ కింద పనులు జరిగి ఉండొచ్చు. రెండూ ఉన్న ఊళ్లు, ఒకటే ఉన్న ఊళ్లు వేరు చేయకుండా ‘సీఎస్ఆర్ వల్ల తాగునీరు మెరుగైంది’ అని రాయకూడదు. పరిశ్రమ లేని, మిగతా అన్నింట్లో దగ్గరగా ఉన్న ఊరిని పోలికకు తప్పకుండా పెట్టుకోండి. నాలుగు ప్రభావిత గ్రామాలుంటే కనీసం రెండు పోలిక గ్రామాలు కావాలి.

ఏడో అడుగు: ఊరికి వెళ్లండి

మొదటిసారి కంపెనీ బండిలో వెళ్లొద్దు. సీఎస్ఆర్ ఆఫీసు వాళ్లు ప్రేమగానే ‘మా వెహికల్ ఉంది, చూపిస్తం’ అంటారు. ఒక్కసారి ఆ బండి దిగితే తర్వాత ఎన్నిసార్లు ఆర్టీసీ బస్సులో వెళ్లినా మీరు కంపెనీ మనిషే. పంచాయతీ కార్యదర్శికి యూనివర్సిటీ లేఖ చూపించి, సర్పంచ్‌ను కలిసి, ఆ తర్వాత వాళ్లను వదిలి ఒంటరిగా తిరగండి.

కాలం చూసుకుని వెళ్లండి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు పగటిపూట ఇళ్లల్లో ఎవరూ ఉండరు. మేడారం జాతర నెలలో ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. గని ఊళ్లలో షిఫ్టు టైములు తెలుసుకుంటే బాయి (గని) పనికి వెళ్లేవాళ్లు దొరుకుతారు. ఎన్నికల వేళ వెళ్తే ప్రతి జవాబూ ఒక పార్టీ వైపు వాలుతుంది.

సంతకం అడగకండి. భూసేకరణ జరిగిన ఊళ్లో తెల్లకాగితం మీద సంతకం, వేలిముద్ర అంటే ఏమవుతుందోనని టెన్షన్ ఉంటుంది, దానికి కారణం కూడా ఉంది. నోటిమాట సమ్మతి తీసుకుంటామని ముందే మీ ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకోండి. పేర్లు రాయొద్దు, ఇంటికి ఒక నంబరు ఇవ్వండి. కాంట్రాక్టు కార్మికుడు చెప్పిన మాట అతని ఉద్యోగానికి ముప్పు కాకూడదు.

ప్రశ్నావళిని యూనివర్సిటీ తెలుగులో కాకుండా ఊరి తెలుగులో రాయండి. ‘కార్పొరేట్ సామాజిక బాధ్యత పట్ల మీ సంతృప్తి స్థాయి’ అని అడిగితే అవ్వ ‘మంచిగనే ఉంది బిడ్డా’ అంటుంది. ఎండలో పడి వచ్చిన పిల్లల్ని చిన్నబుచ్చడం ఆమెకు ఇష్టం ఉండదు. ఐదు గళ్లలో నాలుగో గడి నిండిపోతుంది, దాన్ని మీరు సంతృప్తి అని రాస్తారు. ‘కంపెనోళ్లు ఊరికి ఏమన్న చేసిండ్రా?’ అని మొదలుపెట్టి, జరిగిన సంగతులు అడగండి. పోయిన వారం ఆ ప్లాంటు నీళ్లు ఎన్నిసార్లు తెచ్చుకున్నరు? క్యాన్‌కు ఎంత తీసుకుంటున్నరు? మెడికల్ క్యాంపు ఎప్పుడు పెట్టిండ్రు, ఆ మందులు అయిపోయినంక ఎక్కడికి పోయిండ్రు? కుట్టు మిషను నేర్చుకున్న మీ కోడలు ఇప్పుడు నెలకు ఎన్ని జాకెట్లు కుడుతుంది? సంగతికి తేదీ ఉంటుంది, అంకె ఉంటుంది. అభిప్రాయానికి ఉండదు.

తర్వాత ఊళ్లో పెద్దమనిషి ఒకరితో కలిసి కాలినడకన తిరిగి కంపెనీ బోర్డు ఉన్న ప్రతిదాన్నీ ఫోటో తీయండి. ఏ ఏడాది, ఎక్కడ, పనిచేస్తోందా లేదా అని నోట్ చేయండి. ఒకసారి ఒక విద్యార్థినితో కలిసి వెళ్లిన ఊళ్లో వాటర్ ప్లాంటు శిలాఫలకం తళతళలాడుతోంది, తలుపు తాళం తుప్పు పట్టింది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందని అడుగుతూ మధ్యాహ్నం దాకా తిరిగాం. పంచాయతీలో కంపెనీదన్నారు, కంపెనీలో పంచాయతీకి అప్పగించామన్నారు. మోటారు కాలిపోయి చాలాకాలమైంది, బాగు చేయించే డబ్బు ఎవరి పద్దులోనూ లేదు. అప్పగించిన కాగితం కోసం వెతికితే రెండు చోట్లా దొరకలేదు. పైన చెప్పిన ఆస్తి యాజమాన్యం నిబంధన ఆ తలుపు దగ్గర నాకు పూర్తిగా అర్థమైంది. ఆ అమ్మాయి తన థీసిస్‌ ప్రశ్ననే మార్చుకుంది. అప్పటినుంచి నా విద్యార్థులందరి ప్రశ్నావళిలో ‘తాళం ఎవరి దగ్గర?’ అన్న ప్రశ్న ఉంటుంది.

384 గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది క్రెజ్‌సీ, మోర్గాన్ 1970లో ఇచ్చిన పట్టికలోది, పెద్ద జనాభాలోంచి యాదృచ్ఛికంగా ఎంపిక చేసినప్పటి సంఖ్య. హోటల్ దగ్గర దొరికినవాళ్లతో ఫారాలు నింపితే 384 అయినా, 3840 అయినా ఒకటే. ఇళ్ల జాబితా తీసుకుని ప్రతి పదో ఇల్లు అని పెట్టుకోండి. ఊరికి దూరంగా ఉన్న వాడ, పునరావాస కాలనీ, ఆదివాసీ గూడెం ఆ జాబితాలో ఉన్నాయో లేవో రెండుసార్లు చూసుకోండి. సాయం అందనివాళ్లు సాధారణంగా జాబితాలో కూడా ఉండరు.

ఎనిమిదో అడుగు: కంపెనీవాళ్ల మాట వినండి

వాళ్లను దోషులుగా నిలబెట్టడానికి వెళ్లొద్దు. సీఎస్ఆర్ విభాగంలో పనిచేసేవాళ్లలో నిజంగా మనసు పెట్టి చేసేవాళ్లను చూశాను. ఇద్దరు ముగ్గురు మనుషులు, మార్చి నెలాఖరు గడువు, పైనుంచి వచ్చే సిఫారసు లేఖలు, ఆడిట్ అభ్యంతరాలు, వీటి మధ్య వాళ్లు నలుగుతారు. సులభంగా లెక్క చూపగలిగే పనుల వైపే ఎందుకు మొగ్గుతారో వాళ్లే చెప్తారు. బిల్డింగ్‌కు బిల్లు ఉంటుంది, ఫోటో ఉంటుంది. తాగుడు మానిపించే పనికి బిల్లు ఎక్కడ తెస్తాం అని ఒకరు నన్నే అడిగారు. ఇంటర్వ్యూకు ముందు వాళ్ల నివేదికలన్నీ చదివి వెళ్లండి. మీకు తెలిసిన అంకె అడిగి వాళ్ల సమయం వృథా చేయకండి, అంకె వెనక నిర్ణయం ఎట్లా జరిగిందో అడగండి.

తొమ్మిదో అడుగు: లెక్క తేల్చి రాయండి

క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటింది కాబట్టి పరిశోధన నిలబడిందని అనుకోకండి. ప్రశ్నలు ఒకదానికొకటి పొందికగా ఉన్నాయని మాత్రమే అది చెప్తుంది, సరైన ప్రశ్నలా కాదా అని చెప్పదు. ముందు నాలుగు గడుల చిట్టాను ఊరివారీగా నింపండి. కంపెనీ నివేదికలో సీఎస్ఆర్‌గా చూపించినవాటిలో ఎన్ని మొదటి మూడు గడుల్లోకి పోతాయో విడిగా రాయండి. ఒక్కటి కూడా పోకపోతే అది కూడా గొప్ప ఫలితమే, అంతే ధైర్యంగా రాయండి. తర్వాత పోలిక గ్రామాలతో ముందు, తర్వాత తేడాలు చూడండి. ఏ పట్టిక కింద అయినా ఊరి మాట ఒకటి ఉంటే చదివేవాళ్లకు అంకె కళ్లకు కడుతుంది.

కాపీ విషయంలో యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉన్నా శిక్ష లేదు. కానీ కంపెనీ వెబ్‌సైట్ భాషను తెలుగులోకి తిప్పి రాస్తే ఏ సాఫ్ట్‌వేర్‌కూ దొరకకపోవచ్చు, వైవాలో కూర్చున్నవాళ్లకు మాత్రం మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

థీసిస్ సమర్పించిన తర్వాత రెండు పేజీల తెలుగు సారాంశం రాయండి. ఊరికి ఏం వచ్చింది, ఏది బాకీ కింద వచ్చింది, ఏది సాయం, ఏది పనిచేయడం లేదు, దాని గురించి ఏ ఆఫీసులో అడగాలి అన్నంతవరకు చాలు. ఒక కాపీ పంచాయతీలో, ఒకటి మహిళా సంఘం అధ్యక్షురాలికి, ఒకటి బడి హెడ్మాస్టర్‌కు, ఒకటి కంపెనీ సీఎస్ఆర్ ఆఫీసులో ఇవ్వండి. గ్రామసభ రోజు చూసుకుని వెళ్తే చదివి వినిపించడానికి వీలవుతుంది. ఆ రోజు ఎవరైనా లేచి ‘ఈ రోడ్డు లెక్క తప్పు రాసినవ్ సారూ’ అంటే వెంటనే నోట్ చేసుకోండి. తుది ప్రతిలో ఆ పేజీ సరిచేసి, సరిచేసిన కాపీ మళ్లీ వాళ్లకు పంపండి.